దారం తెగిన వీడియో

పొందూరు,
27 ఆగస్టు 2017

పిన్నికి,

ఈ నెల 21, సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకి అమ్మ కుడి చెయ్యి పడిపోయింది. రాట్నం ముందు కూర్చుని వడుకుతుండగా జరిగింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చాం. పక్షవాతం అన్నారు. వినాయక చవితి నాడు ఇంటికి పంపారు.

ఇప్పటి పరిస్థితి ఇది. కుడి చెయ్యి భుజం దగ్గర్నుంచి కదలడం లేదు. కుడి కాలు ఈడుస్తోంది, పట్టుకుంటే పెరటి దాకా నడుస్తోంది. మాట ముద్దగా వస్తోంది, దగ్గర కూర్చుంటే అర్థమవుతుంది. మనుషుల్ని గుర్తుపడుతోంది. డాక్టరు కుడి చేతి మీద గిల్లి, తెలుస్తోందా అని అడిగితే "ఎవల్నో గిల్లినట్టున్నాది" అంది.

నీకు చెవులు పోయాక మన మధ్య ఉత్తరాలే కదా. అయినా ఇది త్వరగా చెప్పాలని మీ పక్కింటి గ్లోరీ గారి ఫోనుకి చేద్దామనుకున్నాను. ఆవిడ నీకు కాగితం మీద రాసి చూపిస్తుంది. కానీ ఈ సంగతి మీ వీధిలోనే కాదు, ఎక్కడా మూడో మనిషికి తెలియకూడదు. అందుకే ఉత్తరం.

ఎందుకు తెలియకూడదో రాస్తాను. ఫేస్‌బుక్‌లో 'గున్నమ్మ రాట్నం' పేజీ పెట్టి ఏడాదిన్నర అయింది. అమ్మ వడికిన నూలుతో అప్పలసూరి నేసిన చీరలు, పంచెలు దాని మీదే అమ్ముడవుతున్నాయి. అంతవరకూ నీకు తెలుసు. డిసెంబరు 8 నుంచి విశాఖపట్నంలో చేనేత వర్తక ప్రదర్శన ఉంది. బెంగళూరు, ఢిల్లీ షాపుల వాళ్ళు సరుకు మాట్లాడుకోడానికి వస్తారు. అందులో మాకు స్టాలు వచ్చింది. చీరలు చూసి ఇచ్చింది కాదు, పేజీలో అమ్మని చూసి ఇచ్చారు. ప్రదర్శన జరిగినన్ని రోజులూ గున్నమ్మ గారు స్టాల్లో కూర్చుని వడకాలని దరఖాస్తులోనే రాయించుకున్నారు. 'పొందూరు గున్నమ్మ మీ కళ్ళ ముందే' అని బ్యానరు కూడా తయారైంది.

పేజీలో దీని గురించి నేనేమీ పెట్టలేదు. నువ్వు వచ్చి అమ్మని చూసి వెళ్ళు. గ్లోరీ గారు అడిగితే జ్వరం అని చెప్పు.

బిందు

నెల్లిమర్ల,
1 సెప్టెంబరు 2017

బిందుకి,

ఉత్తరం అందింది. మంగళవారం వస్తాను. సాయంత్రం బండికి తిరిగి వచ్చేస్తాను, నాకోసం వేరే ఏమీ వండకు. అప్పకి ఏం పెట్టమన్నారో అదే పెట్టు.

నిన్న సాయంత్రం గ్లోరీ చర్చి నుంచి వస్తూ మా గుమ్మంలో ఆగింది. ఫోను నా ముఖం ముందు పెట్టింది. అందులో మా అప్ప, మీ అమ్మ. ఎర్ర అంచు చీర కట్టుకుని వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. ఆ చేప పళ్ళ మీద నా వేళ్ళు ఎన్నిసార్లు గీసుకున్నాయో, చిన్నప్పుడు. గ్లోరీ తన నోటు పుస్తకంలో రాసి చూపించింది: ఈ వీడియో ఈ రోజుదే, ఆంటీ. కింద ఆమె 'దేవుడు నిన్ను దీవించును గాక అమ్మా' అని రాసి గుండె బొమ్మ పెట్టింది. నేను పక్కనే కూర్చున్నాను. చెయ్యి పడిపోయిన మనిషి ఈ రోజు పత్తి ఎలా దువ్విందో నాకు అర్థం కాలేదు. గ్లోరీని అడగలేదు. నిన్ను అడుగుతున్నాను.

ఇంకోటి. ఎవరికైనా చెయ్యి పడిపోతే పొద్దున్న అంటారు, మధ్యాహ్నం అంటారు. నువ్వు ఎనిమిదిన్నర అని రాశావు. అంత కచ్చితంగా నీకెలా తెలుసు? ఎనిమిదిన్నరకి పడిపోతే ఆసుపత్రికి ఎన్నింటికి చేర్చావు?

కూర్మమ్మ

పొందూరు,
10 సెప్టెంబరు 2017

పిన్నికి,

నువ్వు వచ్చి వెళ్ళిన రోజు రాత్రి అమ్మ బాగా నిద్రపోయింది. మర్నాడు నీ గురించి అడిగింది. "కూర్మి సిక్కిపోనాది, దానికి సెవులతో పాటు ఆకలి కూడా పోనాదేటి?" అంది. మాట ఇదివరకటి కంటే తెలుస్తోంది.

వీడియోల సంగతి. ఎండాకాలం అంతా అమ్మ పని చేస్తుంటే నేను ఫోనులో తీసి ఉంచాను. దువ్వడం, దువ్విన పత్తిని ఏకులుగా చుట్టి ఎండు అరటి పట్టలో పెట్టడం, వడకడం, నూలుని చిలపలుగా చుట్టి కట్టడం. పేజీలో ముందుగానే తేదీ, టైం పెట్టి వదిలెయ్యొచ్చు. ఆ వేళకి దానంతట అదే వస్తుంది. నేను ఎక్కడున్నా, నిద్రపోతున్నా వస్తుంది. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోనులో ఉన్నవన్నీ తేదీల వరసన పెట్టేశాను. సెప్టెంబరు నెలాఖరు దాకా సరిపోతాయి. ప్రదర్శన ఆఫీసులో సింధూరి గారని ఉన్నారు. పేజీ రోజూ కదులుతుంటే ముందు వరసలో స్టాలు ఇస్తామన్నారు. మధ్యలో ఆగితే ఎందుకు ఆగిందని అడుగుతారు. అందుకే ఆపలేదు.

నువ్వు వచ్చినప్పుడు ఎదురుగా చెప్పలేకపోయినది ఇప్పుడు రాస్తున్నాను. మీ ఇద్దరి ముఖం ఒకటే. నుదురు, ముక్కు, ముక్కుకి వేలాడే ఆ అడ్డబాస అన్నీ ఒకటే. నువ్వు పెళ్ళికి ముందు అమ్మ పక్కనే కూర్చుని అలాంటి సన్న నూలే వడికావు. ప్రదర్శన జరిగే మూడు రోజులూ నువ్వు అమ్మ చోట కూర్చోవాలి. పొందూరు వాళ్ళు ఎవరూ అక్కడికి రారు. వచ్చిన వాళ్ళు పేజీలో చూసిన ముఖాన్నే చూస్తారు. నువ్వు ఏమీ మాట్లాడక్కర్లేదు, నేను పక్కనే ఉంటాను.

మా మేనత్త వాడిన పాత రాట్నం, ఏకులు ఈ ఉత్తరంతోపాటు బస్సులో వేశాను. కండక్టరు మన అప్పలసూరి బావమరిది. బస్టాండులో దింపి, ఆటోలో ఇంటికి చేరుస్తాడు.

బిందు

నెల్లిమర్ల,
20 సెప్టెంబరు 2017

బిందుకి,

రాట్నం చేరింది. మంచం కింద పెట్టాను.

నేను రాను. కారణాలు రాస్తున్నాను, మళ్ళీ అడగకుండా.

మీ బాబాయి పోయాక ఇన్నేళ్ళూ గోనె సంచులు కుట్టాను. జనపనార పట్టిన వేళ్ళు ఇవి. గోనె గుచ్చే సూది పట్టుకోడానికి పనికొస్తాయి. ఆ ఏకు పట్టుకుంటే పొడి అయిపోతుంది. ఇది ఒకటి.

వచ్చిన వాళ్ళు ఏదో అడుగుతారు. నాకు వినపడదు. పేజీలో మా అప్ప కబుర్లు చెబుతూ వడుకుతుంది, గ్లోరీ రాసి చూపించింది. చెవిటి గున్నమ్మని చూసి వాళ్ళేమనుకుంటారు? ఇది రెండు.

మూడోది. మా అప్ప బతికే ఉంది. బతికున్న మనిషి చోట ఇంకో మనిషిని కూర్చోబెట్టడం నేను ఎక్కడా చూడలేదు.

నేను అడిగిన రెండిటికీ నువ్వు జవాబు రాయలేదు. ఎనిమిదిన్నర అని ఎలా తెలుసు, ఆసుపత్రికి ఎన్నింటికి వెళ్ళారు.

రాట్నం గ్లోరీ కంట పడింది. "ఆంటీ, మీరూ మొదలెట్టండి, ఇద్దరూ ఫేమసైపోతారు" అని రాసింది. చర్చిలో క్రిస్మస్ పాటలకి జట్టు కడుతున్నారట, నన్నూ రమ్మంది. చెవిటిదానితో పాట ఏమిటని అడిగితే, "నోరు కదిపితే చాలు ఆంటీ, సగం మంది చేసేది అదే" అని రాసింది. నవ్వు వచ్చింది. నీ ఉత్తరం వచ్చాక నవ్వడం అదే మొదలు.

కూర్మమ్మ

పొందూరు,
7 అక్టోబరు 2017

పిన్నికి,

జవాబు ఆలస్యమైంది. దసరా, తర్వాత సిరిమాను జాతర. పోస్టు కూడా ఆలస్యంగా కదులుతోంది.

అమ్మ సంగతి. వ్యాయామం చేయించే అమ్మాయి రోజు మార్చి రోజు వస్తోంది. కాలు కొంచెం తిన్నబడింది. చెయ్యి మారలేదు. ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకుంది. మెతుకులు మీద పడితే తనే తిట్టుకుంటుంది. రాట్నం మీద గుడ్డ కప్పాను. ఎందుకు కప్పావని అడగలేదు.

పేజీ సంగతి. సెప్టెంబరు 26న వచ్చిన వీడియో ఒకటి బాగా తిరిగింది. అమ్మ వడుకుతుండగా దారం తెగుతుంది. అమ్మ ఒక్క క్షణం తన చేతి వంక చూసుకుంటుంది. అంతే. దాన్ని రెండు లక్షల మంది పైన చూశారు. హైదరాబాదు నుంచి, దుబాయి నుంచి కూడా రాస్తున్నారు. 'దారం తెగినా ఆ ముఖంలో శాంతం చూడండి' అని ఒకరు. 'మా నానమ్మ గుర్తొచ్చింది' అని ఇంకొకరు. సింధూరి గారు ఫోన్ చేసి "అమ్మగారి ఎక్స్‌ప్రెషన్ ఎంత న్యాచురల్‌గా ఉందండీ, ప్రదర్శన ప్రచారానికి అదే వాడుకుంటాం" అన్నారు. ముందు వరస స్టాలు ఖాయం చేశారు. బెంగళూరు షాపు వాళ్ళు స్టాలుకి వచ్చి అమ్మ వడకడం చూసి, ఏడాది సరుకు మాట్లాడుకుంటామన్నారు.

అదే ఆఖరి వీడియో. ఇంక పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. నూలు కూడా లేదు. అప్పలసూరి ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "మగ్గం మీద సాలీడు నేస్తన్నాది, నేను సూస్తన్నాను. నువ్వు మాత్రం ఫోన్లో బాగానే నేస్తన్నావే బిందమ్మా" అన్నాడు. అతనికి అమ్మ సంగతి తెలుసు, బయట అనడు. కానీ ఎన్నాళ్ళు?

పిన్నీ, మాట్లాడకపోయినా ఫర్వాలేదు. వేళ్ళకి అలవాటు తిరిగి వస్తుంది. ఒక్కసారి మంచం కింద నుంచి తియ్యి.

బిందు

నెల్లిమర్ల,
14 అక్టోబరు 2017

బిందుకి,

గ్లోరీ ఆ వీడియో నాకు చూపించింది. నేను మళ్ళీ మళ్ళీ చూస్తుంటే ఆమె విసుక్కుని ఫోను నా దగ్గరే వదిలి వంట చేసుకోడానికి వెళ్ళింది.

నాకు దాంట్లో పాట వినపడదు. గ్లోరీ వేణువు చాలా బాగుందని రాసింది. నాకు కనపడింది మాత్రమే రాస్తాను.

మా అప్ప కుడి చేత్తో రాట్నం తిప్పుతోంది, ఎడమ చేత్తో ఏకు లాగుతోంది. రాట్నం ఆగిపోయింది. ఎడమ చెయ్యి ఆగలేదు, పైకి లాగుతూనే ఉంది. దారం తెగింది. అంటే దారం తప్పు కాదు, కుడి చెయ్యి ఆగిపోయింది. అప్పుడు అప్ప ఆ చేతి వంక చూసింది. మూతి ఎడమ పక్కకి లాగింది. కుడి కన్ను రెప్ప కిందికి జారింది. మీ తాతకి పక్షవాతం వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇదే మూతి.

అది ఏ రోజు తీసిన వీడియో?

కూర్మమ్మ

పొందూరు,
21 అక్టోబరు 2017

పిన్నికి,

ఆగస్టు 21న తీశాను.

నువ్వు అడిగినవన్నీ వరసగా రాస్తాను. ఎనిమిదిన్నర అని నాకు తెలిసింది ఫోనులోనే. ప్రతి వీడియోకీ అది తీసిన టైం ఉంటుంది. దీనికి 8.31.

ఆ రోజు ఎండ బాగా పడుతోందని అమ్మని కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. ముందు బాగానే వడికింది. నువ్వు చూసినట్టే రాట్నం ఆగింది, దారం తెగింది. అమ్మకి దారం తెగడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు మాత్రం వీడియో పాడైపోయిందనే అనిపించింది. "అమ్మా, తెగింది. ఇంకోసారి తిప్పు" అన్నాను. తిప్పలేదు. "తిప్పమ్మా, ఎండ పోతోంది" అన్నాను. అమ్మ ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి రాట్నం పిడి మీద పెట్టింది. జారిపోయింది. మళ్ళీ పెట్టింది. అప్పుడు ఆపాను.

నా మాటలు, ఆ రెండుసార్లు పెట్టడం కూడా ఫోనులో ఉన్నాయి. పేజీలో పెట్టింది ముందు ముక్క మాత్రమే. అది కూడా నేను కోసింది కాదు. ఒక యాప్ ఉంది. ఫైళ్ళన్నీ ఒకేసారి ఎంచితే, అన్నిటినీ ఒకే పొడవుకి కోసి, ఒకే వేణువు ట్యూను పెట్టేస్తుంది. ఆసుపత్రి వరండాలో దేన్నీ తెరిచి చూడలేదు. తేదీల వరసలో అది ఆఖరిది కాబట్టి ఆఖరున వచ్చింది.

అమ్మ అలిసిపోయిందనుకుని పడుకోబెట్టాను. నేను పార్సిళ్ళు కట్టుకుంటూ కూర్చున్నాను. పన్నెండు దాటాక మంచినీళ్ళు ఇస్తే పెదవి పక్కనుంచి కారిపోయాయి. అప్పుడు ఆటో పిలిచాను. ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంటన్నర. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే ఒక ఇంజెక్షన్ ఉండేదన్నారు. ఆ వేళ దాటిపోయిందన్నారు.

నువ్వు అడగనిది కూడా రాస్తున్నాను. సెప్టెంబరు 26న అది పేజీలోకి వచ్చిన గంటలోనే చూశాను. ఏమిటో తెలిసింది. తీసెయ్యడానికి ఒక్క నొక్కు చాలు. అన్నం వండాలి కదా అని లేచాను. వండాను. అమ్మకి పెట్టాను. మళ్ళీ చూస్తే వందల మంది పంచుకున్నారు. తీసెయ్యలేదు. మర్నాడు సింధూరి గారు ఫోన్ చేశారు. ఇంక తియ్యలేదు.

ఏడుపు వస్తుందేమో అని చూస్తున్నాను. రావడం లేదు. రోజూ లేస్తున్నాను, అమ్మకి ఒళ్ళు తుడుస్తున్నాను, పేజీలో జవాబులు రాస్తున్నాను. 'అమ్మ ఎలా ఉన్నారు' అని ఎవరైనా అడిగితే 'బాగున్నారండి' అని రాసి దండం బొమ్మ పెడుతున్నాను.

బిందు

నెల్లిమర్ల,
9 నవంబరు 2017

బిందుకి,

నిన్ను తిట్టడానికి రెండుసార్లు కాగితం ముందేసుకున్నాను. కలం కదల్లేదు. అందుకే ఇన్నాళ్ళు పట్టింది. నాగుల చవితికి గ్లోరీ ఇంటి వెనక పుట్టలో పాలు పోశాను, ఆమె గొడుగు పట్టుకుంది. ఆ రోజు వాన. ఇంటికి వచ్చాక మంచం కింద నుంచి రాట్నం తీశాను.

ఒక వారం దాకా వచ్చింది నూలు కాదు, తాడు. తర్వాత చెయ్యి గుర్తు తెచ్చుకుంది. ఇప్పుడు దారం నిలుస్తోంది. మా అప్ప అంత సన్నంగా రాదు, ఎప్పుడూ రాలేదు. ఒక చిలప ఈ కవర్లో పెట్టాను. అప్పలసూరికి చూపించు. పనికిరాదంటే పత్తి దండగ చేశానని చెప్పు.

ప్రదర్శనకి వస్తాను. కానీ ఇవి ముందు జరగాలి.

ఆ వీడియో మా అప్పకి చూపించు. ఆమె చెయ్యి అది. ఊళ్ళో, దేశంలో అందరూ చూశారు, ఆమె ఒక్కతే చూడలేదు. చూశాక ఏం చెయ్యాలో ఆమె చెప్పాలి. నువ్వు కాదు, నేను కాదు. ఆమె వద్దంటే రాట్నం వెనక్కి పంపిస్తాను.

నేను కూర్చుంటే కూర్మమ్మగానే కూర్చుంటాను. ఎవరైనా గున్నమ్మ గారూ అని పిలిస్తే పలకను. ఎలాగూ వినపడదు, అది వేరే సంగతి.

నిన్ను క్షమించానని రాయడం లేదు. క్షమించలేదని కూడా రాయడం లేదు. ఏది రాయాలో నాకు తెలియడం లేదు.

కూర్మమ్మ

పొందూరు,
29 నవంబరు 2017

పిన్నికి,

నీ చిలపని అప్పలసూరి దీపం దగ్గర పెట్టి చూశాడు. "నేస్తాను. దీన్ని గున్నమ్మ నూలులో మాత్రం కలపను, అది వేరే చీర" అన్నాడు. మగ్గం ఎక్కించాడు. ప్రదర్శనకి చీర అవదు, మూరెడు గుడ్డ అవుతుంది. అదే తెస్తాం.

నీ ఉత్తరం వచ్చాక రెండు వారాలు నేనేమీ చెయ్యలేదు. మొన్న ఆదివారం మధ్యాహ్నం అమ్మకి తల దువ్వుతుంటే తనే అడిగింది.

"ఏటే, రాట్నం మీద గుడ్డేసి దాసేవు. పోనీలే అనూరుకున్నాను. ఆ ఫోను కూడా నాకు కనపడకుండా ఎందుకు దాస్తన్నావు?"

చూపించాను. ముందు పేజీలో ఉన్నది చూపించాను. అమ్మ ఫోనుని ఎడమ చేత్తో పట్టుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"ఆ పీపీ ఏటి? ఎవలి పెళ్ళి?"

"వేణువమ్మా. నేనే పెట్టాను."

"తీసెయ్యి."

అప్పుడు ఫోనులో ఉన్న అసలుది పెట్టాను. నా గొంతు గదంతా వినపడింది. ఇంకోసారి తిప్పు. తిప్పమ్మా, ఎండ పోతోంది. అమ్మ చివరిదాకా చూసింది. చెయ్యి జారిన చోట ఆగింది.

"ఇంకోపాలి ఎయ్యి."

వేశాను. మూడుసార్లు చూసింది. తర్వాత ఫోను ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"ఇది ఎంతమంది సూసేరు?"

"రెండు లక్షల మంది పైన. ఇప్పుడు మూడు దగ్గరికి వచ్చింది."

"అంతమందిలో ఒక్కలూ సెప్పలేదేటి, ముసల్దానికి సెయ్యి పోతన్నాదని?"

"పిన్ని చెప్పింది."

"కూర్మా?" అంది. కిటికీ వైపు తిరిగింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. దువ్వెన నా చేతిలోనే ఉంది, మిగిలిన జడ అల్లాను.

తర్వాత నువ్వు రాసిన ఉత్తరాలన్నీ చదివి వినిపించమంది. నేను రాసినవి నీ దగ్గరే ఉన్నాయి కాబట్టి అందులో ఏముందో నోటితో చెప్పాను. నిన్ను తన చోట కూర్చోమని అడిగిన సంగతి కూడా చెప్పాను. అమ్మకి కోపం వచ్చింది అక్కడే.

"నేను సచ్చేననుకున్నావా? దాన్ని నా పేరెట్టి కూసోబెడతావా? దాని పేరు దానికి లేదేటి?"

నేను ఉత్తరాలు మడత పెడుతుంటే తనే మళ్ళీ అంది.

"కూసోబెట్టు. కూర్మమ్మ అని బోర్డు రాయించు. నేనూ వస్తాను. ఈ గోడ సూసుకుంటా కూసుంటే నాకేటొస్తాది? దాని పక్కన కుర్చీ ఎయ్యి. తప్పు తిప్పితే సెప్పడానికి నోరున్నాది గదా నాకు."

"చెప్పినా పిన్నికి వినపడదమ్మా."

"ఎడం సేత్తో ఒకటేస్తాను. తెలుస్తాది" అంది. తనే నవ్వింది. నవ్వినప్పుడు మూతి ఇప్పటికీ ఆ పక్కకే పోతుంది.

వీడియో తీసెయ్యమంటావా అని అడిగాను. వద్దంది. "సూసినోళ్ళు మళ్ళీ సూడాల. నీ మాటలతో పెట్టు" అంది. నా మాటలతోనా అని అడిగాను. "అవునే, నీ మాటలతోనే. పాట పెట్టావంటే ఊరుకోను."

సోమవారం సింధూరి గారికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆలోచించి చెప్తానన్నారు. సాయంత్రం మెసేజి వచ్చింది. బ్యానరు తీసేస్తారట. స్టాలు రద్దు చెయ్యరు, కానీ ముందు వరస కాదు, వెనక వరసలో క్యాంటీను పక్కన ఇస్తారు. బెంగళూరు షాపు వాళ్ళకి కూడా రాశాను. చదివినట్టు గుర్తు వచ్చింది, జవాబు రాలేదు. వస్తారో రారో తెలియదు.

పోస్టు రాసి పెట్టాను. అమ్మకి చదివి వినిపించాను, సరే అంది. ఇందులో ఏమైనా తప్పుంటే ఏడో తేదీ లోపల చెప్పు, మారుస్తాను:

'ఇది ఆగస్టు 21 ఉదయం 8.31కి తీసిన పూర్తి వీడియో. ఇందులో దారం తెగడం మీరు ఇదివరకు చూశారు. గున్నమ్మ గారికి పక్షవాతం వచ్చింది అప్పుడే. ఇంకోసారి తిప్పమంటున్న గొంతు ఆమె కూతురిది, ఈ పేజీ నడిపేది ఆ కూతురే. ఆ తర్వాత ఈ పేజీలో వచ్చిన వీడియోలన్నీ అంతకు ముందు తీసినవి. గున్నమ్మ గారు ఇక వడకలేరు. స్టాల్లో వడికేది ఆమె చెల్లెలు కూర్మమ్మ. గున్నమ్మ గారు పక్కనే ఉంటారు.'

ప్రయాణం ఇలా. ఏడో తేదీ గురువారం ఉదయం పాసింజరుకి మేం పొందూరులో ఎక్కుతాం. రాట్నం నీ దగ్గరున్నదే తీసుకురా, ఇక్కడిది తేవడం లేదు. ఏకులు అరటి పట్టలో చుట్టి నేను తెస్తాను. నెల్లిమర్లలో బండి ఎక్కువసేపు ఆగదు. పిలిస్తే నీకు వినపడదు కాబట్టి ఇంజను నుంచి మూడో పెట్టె చూడు. అమ్మ ప్లాట్‌ఫారం వైపు కిటికీ దగ్గర కూర్చుని ఎడమ చెయ్యి బయట పెడుతుంది. గ్లోరీ గారిని స్టేషను దాకా తోడు రమ్మను, రాట్నం ఎక్కించాలి కదా. ఆవిడకి ఇప్పుడు అన్నీ చెప్పొచ్చు.

ఎనిమిదో తేదీ ఉదయం పది గంటలకి ప్రదర్శన తలుపులు తీస్తారు. పోస్టుకి కూడా అదే టైం పెట్టి వదిలేశాను. నేను ముట్టుకోనక్కర్లేదు. దానంతట అదే వస్తుంది.

బిందు